ఇసక మీద పెట్టిన కర్ర

ఆటల్లో గెలుపోటములు రెండూ ఒకటేనని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బడి వార్షికోత్సవాలకు వచ్చి, మెడలో దండ వేయించుకుని, ఆ ముక్క చెప్పి, సోడా తాగి వెళ్ళిపోతారు. ఓడినవాడు ఇంటికి పోయి ఏం చేశాడో వాళ్ళకు తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. ముప్పై ఏళ్ళ అయ్యవారి ఉద్యోగంలో అలాంటి ఉపన్యాసాలు ఎన్ని విన్నానో లెక్కలేదు. ఒక్కదానికి కూడా చప్పట్లు కొట్టలేదు. పక్కనున్న హెడ్మాస్టరు మోచేత్తో పొడిచినా కొట్టలేదు.

నేను చెప్పబోయేది ఒకడి సంగతి. వాడు నాకంటే మూడు నెలలు చిన్న. పరుగులో వాణ్ణి పట్టుకున్నవాడు మా జిల్లాలో లేడు. చదువులో వాణ్ణి దాటినవాడు మా బడిలో లేడు. కాళ్ళు బాగా ఆడేవాడికి బుర్ర ఆడదని ఒక మాట ఉందే, అది అన్నవాడు మావాణ్ణి చూడలేదు. అలాంటివాడి బతుకు రిలే పందెంలో ఇచ్చే ఒక జానెడు కర్ర దగ్గర ఆగిపోయింది. ఆ కర్ర అందుకోవాల్సిన చెయ్యి నాది.

మాది వాకాడుకు తూర్పున సముద్రం ఒడ్డు పల్లె. వాడిది మాకు దక్షిణాన, సర్వితోపు, అంటే సరుగుడు చెట్ల తోపు, దాటితే వచ్చే పల్లె. రెండూ చేపలు పట్టే ఊళ్ళే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో రెండు ఊళ్ళ నుంచీ హైస్కూలుకు పోయేవాళ్ళం మేమిద్దరమే. పొద్దున్నే సద్దికూడు తిని, ఇసకలో రెండు మైళ్ళు నడిచి, కాలువ రేవులో పడవ ఎక్కి, అవతల పొలం గట్ల మీద మళ్ళీ మూడు మైళ్ళు నడిచేవాళ్ళం. బడి ఉన్నది పెద్ద రైతుల ఊళ్ళో. మేము క్లాసులో అడుగు పెడితే రైతుల పిల్లలు చొక్కా ఎత్తి ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. నేను తల వంచుకుని వెనక బెంచీకి పోయేవాణ్ణి. వాడు మాత్రం సరాసరి ముందు బెంచీలో కూర్చునేవాడు.

"కంపు కొడితే ఇంకా ముందుకు పోయి కూచో రా. మార్కుల్లో గూడా ముందుకు పోతావేమో చూద్దాం," అనేవాడు నవ్వుతూ. వాడి ముందు ఇక బెంచీ లేదు, గోడే.

వాడి కాళ్ళు అలా కావడానికి మందూ మాకూ ఏమీ లేవు. పెద్దవల లాగేటప్పుడు తాడును నడుముకు చుట్టుకుని వెనక్కి వెనక్కి నడవాలి. మడమ ఇసకలో దిగబడుతుంది, పిక్క రాయిలా బిగుస్తుంది. ఎనిమిదో ఏట నుంచీ తెల్లవారుజామున వాడు ఆ పని చేసి బడికి వచ్చేవాడు. అలాంటివాణ్ణి గట్టి నేల మీద నిలబెట్టి పరుగెత్తమంటే వాడికది సెలవు దొరికినట్టే. ఇక లెక్కలు చేసే పద్ధతి ఇంకా విడ్డూరం. పలకా కాగితం ఎక్కడివి? తడి ఇసక మీద పుల్లతో రాసేవాడు. అల వచ్చి తుడిచేలోపు లెక్క తెగాలి. తెగకపోతే మొదటినుంచీ మళ్ళీ. నన్నూ అలాగే చేయించేవాడు. నేను సగంలో ఉండగానే అల వచ్చి నా అంకెలన్నీ మింగేసేది. వాడు మాత్రం జవాబు కింద గీత గీసేసి, ఒకడుగు వెనక్కి జరిగి, అల కోసం చేతులు కట్టుకుని ఎదురుచూస్తూ ఉండేవాడు. ఆ గర్వం చూస్తే నాకు నవ్వొచ్చేది. కొంచెం కడుపు కూడా మండేది. ఆ సంగతి దాచి పెట్టను.

క్లాసులో వాడు ఫస్టు, నేను సెకండు. ఆరో ఫారం దాకా అంతే. ఆ ఆరో ఫారం, ఎస్సెల్సీ ఏడు, మొదలయ్యాక మా డ్రిల్లయ్యవారు ఒకరోజు ప్రార్థన అయిపోగానే అందరినీ నిలబెట్టి ఒక కబురు చెప్పాడు. నెల్లూరులో ఒక పెద్ద ఆసామి ఒక ఏర్పాటు చేశాడు. జిల్లా ఆటల పోటీల్లో షీల్డు గెలిచిన బడి నుంచి, ఎస్సెల్సీలో ఫస్టు వచ్చిన పిల్లవాడు ఒకణ్ణి ఆయన తన ఖర్చుతో నెల్లూరు కాలేజీలో చదివిస్తాడు. హాస్టలూ, భోజనమూ, పుస్తకాలూ అన్నీ ఆయనవే. షీల్డు రావాలి, అదే మెలిక. షీల్డు రాని బడిలో ఎంత ఫస్టు వచ్చినా ఆయనకు అక్కర్లేదు.

ఆ మాట వినగానే బడంతా వాడికేసి తిరిగి చూసింది. వేరేవాడు లేడు మరి. షీల్డు తేగలిగినవాడూ వాడే, ఫస్టు వచ్చేవాడూ వాడే. ఆరోజు పడవలో వాడు కాలు ఆడిస్తూ కూర్చుని అన్నాడు.

"హాస్టల్లో కరెంటు లైటుంటదంట రా. పొద్దు గూకినాక గూడా చదువుకోవచ్చు. లెక్కల్లో బీయే చేసి కాలేజీలో అయ్యవారినైతా."

"మీ నాయన పంపిస్తాడా?"

"ఊరికే చదివిస్తే పొమ్మన్యాడు. లేకుంటే పరీక్షైన మర్నాడు తెప్పెక్కాల్సిందే అన్యాడు. ఎనక నలుగురు పిల్లకాయలుండారు గదరా."

అంతే. వాడి ముందు రెండే దారులు. ఒకటి నెల్లూరు, ఒకటి తెప్ప. నడిమధ్య సందు లేదు.

ఇక మా పెద్దల సంగతికి వస్తాను. పెద్దల మాట చద్దిమూట అంటారు. మా పెద్దల మూట నేను విప్పి చూశాను, లోపల పురుగులు తప్ప ఏమీ లేవు. మా ఒడ్డు పల్లెల్లో పోలీసులూ కోర్టులూ తర్వాత, ముందు పెద్దకాపు. ఊరిపెద్దను మేము అలా పిలుస్తాం. ఆయనా, ఆయన చుట్టూ కూర్చునే నలుగురూ కలిసి పెట్టే కట్టుబాటును దురాయి అంటారు. ఫలానా రోజు చేపల వేటకు పోకూడదంటే ఎవరూ పోకూడదు. ఫలానా ఊరితో మాటల్లేవంటే లేవు. దురాయి మీరినవాడి ఇంటికి నిప్పూ నీళ్ళూ ఇవ్వరు. పెద్దవల తాడు మీద చెయ్యి వేయనివ్వరు. తాడు పట్టనివాడికి చేపల్లో వాటా లేదు, వాటా లేకపోతే కూడు లేదు.

అంతకు ముందు ఏడాదే మా నాయన ఆ దెబ్బ తిన్నాడు. వేట నిలిపిన రోజున మా తెప్ప కట్టు తెగి కొట్టుకుపోతుంటే ఈదుకుంటూ పోయి తెచ్చుకున్నాడు. సముద్రంలో దిగావు గనక దురాయి మీరినట్టేనన్నారు. మూడు నెలలు తాడు పట్టనివ్వలేదు. ఆ మూడు నెలలూ అమ్మ కాలువ బురదలో గుల్లలు ఏరి ఉడకబెట్టింది. వల లాగేవాళ్ళ పాట ఒడ్డు నుంచి వినబడితే, మా నాయన, ఆరడుగుల మనిషి, గుడిసెలో గోడకేసి తిరిగి చెవులు మూసుకుని కూర్చునేవాడు. మళ్ళీ తప్పు చేస్తే ఊరే వదలాలని పెద్దకాపు చెప్పి మరీ తాడు పట్టనిచ్చాడు. నా భయం ఎక్కడిదో తెలియాలని ఇదంతా చెబుతున్నాను.

జిల్లా పోటీలు ఇంకా మూడు వారాలున్నాయనగా మా ఊరి వలా, దక్షిణపు ఊరి వలా సముద్రంలో మెలిపడ్డాయి. ముందు ఎవరు వేశారో ఆ గంగమ్మకే తెలియాలి. ఒడ్డుకు లాగేసరికి మా వల నిలువునా చిరిగింది. తెడ్లు లేచాయి. మా ఊరి తల ఒకటీ వాళ్ళ ఊరి తల ఒకటీ పగిలాయి. సరికి సరి, అక్కడితో పోతే బాగుండేది. పోనిస్తారా! సాయంత్రానికి మా ఊళ్ళో తప్పెట కొట్టి చాటింపు వేశారు.

"దక్షిణపోళ్ళతో మాట లేదు, మంచీ చెడ్డా లేదు. చేతికి చేతికి ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. బీడీకి నిప్పు గూడా అడగబాకండి. అడిగినోడు ఊర్లో ఉండడు."

అక్కడా ఇదే చాటింపు. తిట్టుకోవడంలో కలవకపోయినా బుద్ధిలో రెండు ఊళ్ళూ ఒకటే.

మా చిన్నక్క ఆ ఊరి కోడలు. అప్పుడు కడుపుతో ఉంది. అమ్మ ఏం చేసిందంటే, పండుమిరపకాయ పచ్చడీ వేయించిన చేపలూ మూటగట్టుకుని సర్వితోపు దగ్గరికి పోయి, మూట ఇసక మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేది. అక్క వచ్చి మూట ఎత్తుకుని పోయేది. ఇద్దరూ ఏడ్చేవాళ్ళు గానీ మాట్లాడేవాళ్ళు కాదు. ఇసక మీద పెట్టినది గంగమ్మ సొత్తు, ఎవరైనా ఎత్తుకోవచ్చు, అది ఇచ్చిపుచ్చుకోవడం కిందికి రాదు. పెద్దకాపు కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా మావాళ్ళు బతికే పద్ధతి అది.

మేమిద్దరం మాటలు మానలేదు. పడవలో ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా కాలువ నీళ్ళతో మాట్లాడుతున్నట్టు మాట్లాడుకునేవాళ్ళం. పడవవాడు పైదేశం మనిషి, మా దురాయితో వాడికి పని లేదు. "మీ చదువంతా చేపలకు చెప్తాండారే," అని నవ్వేవాడు. బడి దగ్గర మా ఊరివాళ్ళు ఎవరూ ఉండరు గనక అక్కడ దిగులు లేదు. దిగులంతా నెల్లూరు గురించే. ఎండుచేపల బేరానికని, ఆస్పత్రికని మా ఊరివాళ్ళు నెల్లూరు పోతూనే ఉంటారు. రిలే పందెంలో మా బడి తరఫున పరుగెత్తే నలుగురిలో వాడు మూడోవాడు, నేను నాలుగోవాణ్ణి. వాళ్ళలో ఎవరైనా చూస్తుండగా దక్షిణపోడి చేతి నుంచి నా చేతికి కర్ర రావాలి. చేతికి చేతికి ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు.

వరస మార్చుకుంటే పోయేదానికి ఇంత గోల ఎందుకని మీకు అనిపించవచ్చు. నేనూ పోయి అడిగాను. ఎలా అడిగానో వినండి.

"అయ్యవారూ, నన్ను మొదట పరిగెత్తించండి."

"ఎందుకురా?"

"ఊరికే."

చెంప మీద ఒకటి పడింది. "ఊరికే మార్చేదానికి ఇదేమన్నా మీ చేపల బుట్టా? వంపులో వాడు అందర్నీ దాటాల, చివర నువ్వు నిలబెట్టాల. పేర్లు వరసగా రాసి నెల్లూరికి పంపించేసినా. పో!"

ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే మార్చేవాడేమో. డ్రిల్లయ్యవారు కోపిష్టి గానీ చెడ్డవాడు కాదు. కానీ చుట్టూ రైతుల పిల్లలున్నారు. మా పల్లె కట్టుబాటు గురించి చెబితే, చేపలోళ్ళ పంచాయితీ అని నెల రోజులు నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి నోరు మూసుకున్నాను. సిగ్గుపడాల్సిన చోట సిగ్గుపడకుండా, పడకూడని చోట పడడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

అప్పుడు నాకు అమ్మ మూట గుర్తొచ్చింది. మర్నాడు రేవులో పడవ కోసం నిలబడి వాడికి చెప్పాను. నువ్వు కర్ర కింద పెట్టు, నేను ఎత్తుకుని పరుగెత్తుతాను, ఎవరికీ తప్పు ఉండదు అని.

వాడు తల అడ్డంగా ఊపాడు. "కుదర్దు. డ్రిల్లయ్యవారి పుస్తకం చదివినా. చేతికే ఇయ్యాలని ఉండాది అందులో. కింద పడితే పడేసినోడే ఎత్తాల. నువ్వెత్తితే మనల్ని తీసేస్తారు."

"ఆ పుస్తకం మా నాయనకు కూడు పెడతదా?"

"ఆ షీల్డు రాకుంటే నాకు కాలేజీ ఉండదు రా."

"నీకు కాలేజీ ఉండదు. మాకు ఊరే ఉండదు. మళ్ళా బురదలో గుల్లలు ఏరమంటావా మా అమ్మను?"

వాడు కాలి బొటనవేలితో ఇసకలో ఏదో గీశాడు, చెరిపేశాడు. తర్వాత అన్నాడు. "సరే. మీ ఊరోళ్ళు ఎవురూ కనపడకుంటే చేతికే ఇస్తా. కనపడితే నీ ఇష్టం. మా ఊరోళ్ళ సంగతి నేను చూసుకుంటా."

నేను ఒప్పుకున్నాను. నా మీద జాలిపడి తన బతుకును నా చేతిలో పెట్టాడని అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఏం చేసేవాణ్ణో, అదీ చెప్పలేను.

పోటీలకు రెండు రోజుల ముందే బయల్దేరి గూడూరు మీదుగా బస్సులో నెల్లూరు చేరాం. ఒక బడిలో బెంచీలు కలిపి పడుకోబెట్టారు. చివరి రోజు పొద్దున నాలుగు వందల నలభై గజాల పందెంలో వాడు ఫస్టు. కాళ్ళకు బూట్లు లేవు, మిగతావాళ్ళలో సగం మందికి ఉన్నాయి. మధ్యాహ్నం ఎనిమిది వందల ఎనభై గజాల్లో కూడా ఫస్టే. రెండు పందేలకు నడుమ వేపచెట్టు కింద కూర్చుని రేఖాగణితం పుస్తకం తిరగేస్తుంటే, తెల్లపంచె ఆసామి ఒకాయన కారు దిగి వచ్చి, "ఈ అబ్బాయేనా మీ స్కూలు ఫస్టు?" అని డ్రిల్లయ్యవారిని అడిగాడు. అవునండీ అంటే వాడి భుజం తట్టి, పుస్తకం చేతిలోకి తీసుకుని చూసి, మళ్ళీ ఇచ్చాడు. ఆయనే ఆ ఏర్పాటు చేసిన పెద్దమనిషి. ఆయన అటు వెళ్ళగానే వాడు నాకేసి చూసిన చూపు ఇంకా నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. ఇన్నేళ్ళ స్నేహంలో వాడి మొహంలో అంత వెలుగు చూడలేదు. నాకు సంతోషం వేసింది. దాంతోపాటు, లోపలెక్కడో, ముల్లు గుచ్చుకున్నట్టూ అయింది.

సాయంత్రానికి మా బడీ నెల్లూరు టౌను బడీ పాయింట్లలో సమానంగా ఉన్నాయి. మిగిలింది రిలే ఒక్కటే. ఎవరు గెలిస్తే వాళ్ళదే షీల్డు.

నా గీత దగ్గర నిలబడి చుట్టూ చూశాను. మా ఊరివాళ్ళు ఎవరూ లేరు. అమ్మయ్య అనుకున్నాను. విజిల్ మోగింది. మొదటివాడు బాగానే పరుగెత్తాడు. రెండోవాడు వెనకబడ్డాడు. మావాడు కర్ర అందుకునేసరికి ముందు ముగ్గురున్నారు. వంపు తిరిగేలోపు ఇద్దరిని దాటాడు. వంపు తిరిగాక మూడోవాణ్ణీ దాటేశాడు. జనం లేచి అరుస్తున్నారు. నేను చెయ్యి వెనక్కి చాపి, అడుగులు మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడు కంచె పక్కన ఒక తలపాగా కనిపించింది. మా పెద్దకాపు బావమరిది! ఎండుచేపల బేరానికి వచ్చినట్టున్నాడు. నన్నే చూస్తున్నాడు. చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు, నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. ఆ గోలలో వినపడితేనా! నాకు వినపడింది ఒకటే, ఒడ్డున వల లాగేవాళ్ళ పాట. గోడకేసి తిరిగిన మా నాయన వీపు కనిపించింది.

వాడు వచ్చేశాడు. వాడి ఊపిరి నా మెడకు తగిలింది. "అందుకో!" అన్నాడు. కర్ర నా అరచేతికి తగిలింది. నిజంగా తగిలింది, ఆ కొయ్య నునుపు ఇప్పటికీ ఈ చేతికి తెలుస్తూనే ఉంది. నేను చెయ్యి లాక్కున్నాను.

కర్ర నేల మీద పడింది. నేను వంగి ఎత్తుకుని పరుగెత్తాను. నా బతుకులో అంత వేగంగా ఎన్నడూ పరుగెత్తలేదు, మళ్ళీ పరుగెత్తబోను. అందరికంటే ముందు దారం తెంపాను. మా బడి పిల్లలు, మా వాసనకు ముక్కు మూసుకునే ఆ రైతుల పిల్లలే, వచ్చి నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. భుజాల మీద నుంచి చూస్తే గీత దగ్గర నిలబడిన దొర టోపీ ఆయన ఎర్రజెండా ఊపుతూ కనిపించాడు. మైకులో చెప్పారు. కర్ర చేతికి అందలేదు, పడేసినవాడు ఎత్తలేదు, ఈ బడిని పందెం నుంచి తీసేశాం అని. నన్ను ఎత్తుకున్నవాళ్ళు చిన్నగా కిందికి దించారు.

డ్రిల్లయ్యవారు వచ్చి నా చేతిలో కర్ర లాక్కుని ఆ కర్రతోనే బాదాడు. నాకు నొప్పి తెలియలేదు. వాడు పరుగెత్తుకుంటూ వచ్చి అడ్డం నిలబడ్డాడు. "కొట్టబాకండి అయ్యవారూ. వాళ్ళ నాయనకేమైతదోనని వాడికి బయం," అన్నాడు. ఒక దెబ్బ వాడికీ తగిలింది.

అప్పుడు వచ్చాడు ఆ తలపాగా మహానుభావుడు, తమలపాకు నములుకుంటూ.

"ఏందిరా అబ్బయ్యా, బంగారం లాంటి పందెం పోగొట్టుకుంటివే! కర్ర పట్టుకోకుండా చెయ్యి ఎనక్కి లాక్కుంటివేందిరా?"

"దురాయి..." అన్నాను.

"దురాయా! అది నిన్న పొద్దున్నే ఎత్తేసినారు గదరా! రెండూళ్ళ పెద్దకాపులు గంగమ్మ గుడికాడ కూచోని, పొట్టేలు కోసుకోని తిన్యారు. మీకెవురూ చెప్పలా?"

"మరి చెయ్యెందుకు ఊపినావు మామా?"

"మనూరి పిల్లకాయ పరిగెత్తతాండాడే అని! సంబరం రా!"

తూ! ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నోట్లో ఉమ్మి చేదవుతుంది. వేయడానికి ఊరంతా తప్పెట కొట్టారు. ఎత్తేసినప్పుడు పొట్టేలు తిని మూతి తుడుచుకున్నారు. ఊళ్ళో లేని ఇద్దరు పిల్లలకు ఒక కబురు పంపాలని ఒక్క పెద్దమనిషికీ తోచలేదు. ఎందుకు తోచాలి? మేమేమన్నా వలలమా, తెప్పలమా?

వాడు ఆ మాటలన్నీ విన్నాడు. వేపచెట్టు దగ్గరికి పోయి పుస్తకం తీసుకుని, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకున్నాడు. తెల్లపంచె ఆసామి కారు అప్పటికే వెళ్ళిపోయింది.

ఇంతటితో అయి ఉంటే మా స్నేహం మిగిలేదేమో. డ్రిల్లయ్యవారి కోపం చల్లారలేదు. సోమవారం ప్రార్థనలో బడంతటి ముందూ అనేశాడు. "సెకండువాడు ఫస్టువాణ్ణి ముంచినాడు. వాడికి సీటొస్తే ఓర్వలేక కర్ర వదిలేసినాడు." ఎవరూ నవ్వలేదు. అందరూ నమ్మారు.

సాయంత్రం పడవలో, దురాయి లేదు గనక, వాడు నా పక్కనే కూర్చుని నా మొహంలోకి చూస్తూ అడిగాడు.

"ఆయన చెప్పింది నిజమేనా?"

కాదు అనాలి. ఒక్క క్షణం ఆలస్యం లేకుండా, కాదురా అనాలి. నాకు వేపచెట్టు కింద గుచ్చుకున్న ముల్లు గుర్తొచ్చింది. జవాబు రాసి చేతులు కట్టుకుని అల కోసం నిలబడే వాడి గర్వం గుర్తొచ్చింది. చెయ్యి లాక్కున్నది నాయన కోసమే. ఆ మాట ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతాను. కానీ ఆ ముల్లు కూడా ఉన్న మాట నిజం. ఆ రెండింటి మధ్యా నోరు తడబడింది. తడబాటు కప్పిపుచ్చుకోవడానికి కోపం తెచ్చుకున్నాను.

"నన్నే అడగతాండావా ఆ మాట?" అని అరిచాను.

వాడు తల తిప్పుకున్నాడు. పడవ ఒడ్డు చేరేదాకా కాలువకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఎస్సెల్సీలో వాడు స్కూలు ఫస్టు. నేను సెకండు. మార్కుల కాగితం తెచ్చుకున్న మర్నాడే వాడు తెప్పెక్కాడు. నాకు నెల్లూరు అయ్యవార్ల ట్రైనింగు స్కూల్లో సీటు దొరికింది. వాడు కూడా ట్రైనింగుకు పెట్టుకుని ఉండవచ్చుగా అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఉండవచ్చు. వాడి నాయన అప్పటికే ఓర్చుకున్నది చాలన్నాడు. వాడూ మారు మాట్లాడలేదట. పుస్తకాలన్నీ మూటగట్టి రేవులో పడవవాడికి ఇచ్చేశాడట, వాడి కొడుకు చదువుకుంటాడని. ఇవన్నీ మా చిన్నక్క చెబితే తెలిసినవి. మా ఇద్దరికీ మళ్ళీ మాటల్లేవు. ఈసారి ఏ పెద్దకాపూ చాటింపు వేయలేదు.

నాకు మనుబోలు దగ్గర ఒక పల్లెబడిలో ఉద్యోగం వచ్చింది. అయిదారేళ్ళు గడిచాయి. అమ్మకు జ్వరమని కబురొస్తే ఊరికి పోయి, ఒకరోజు పొద్దున దక్షిణపు ఊరికి, అక్కను చూసి వద్దామని ఒడ్డు వెంబడి నడుస్తున్నాను. పెద్దవల లాగుతున్నారు. తాడు చివర, నడుముకు చుట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ వస్తున్నవాడు వాడే. వీపు నా వైపు ఉంది. పిక్కలు అలాగే ఉన్నాయి. ఒకప్పుడు తాడు లాగుతూ నోటితో ఎక్కాలు, సూత్రాలు వల్లించేవాడు. ఇప్పుడు ఒక్క ఎక్కమూ వినబడలేదు. నా దగ్గరికంటా వచ్చి కాలు తగిలితే తిరిగి చూశాడు.

"బాగుండావా?" అన్నాను.

"ఏదో ఉండాం అయ్యవారా," అన్నాడు. అయ్యవారా! లెక్క తప్పితే నా నెత్తిన మొట్టినవాడు.

ఎటూ పోబుద్ధి కాక వల ఒడ్డుకు చేరేదాకా అక్కడే నిలబడ్డాను. చేపలు పంచుకున్నారు. వాడు తన వాటాలోంచి మంచి చందువా చేపను ఒకదాన్ని ఏరి, సముద్రం నీళ్ళలో కడిగి, మొప్పల్లోంచి ఈతాకు దూర్చి ముడివేసి నా వైపు నడిచి వచ్చాడు.

"మీ అమ్మకు జరమంట గదా. పులుసు పెట్టియ్యి," అన్నాడు.

ఈసారి చెయ్యి చాపాను. ఒకటి కాదు, రెండు చేతులూ చాపాను. అంత దూరం నుంచే, ఎంతమంది చూస్తున్నా సరే అన్నట్టు చాపాను.

వాడు నా చేతులకేసి చూశాడు. తర్వాత వంగి, చేపను మా ఇద్దరి మధ్యా ఇసక మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"ఎత్తుకో అయ్యవారా. చేతికిస్తే నీకు పడదు గదా," అన్నాడు.

వంగి ఎత్తుకున్నాను.